ల్యాబ్‌లోకి తిరిగొచ్చాక నాలుగో ఏడాది సంగతేంటి?

మన జీవశాస్త్ర రంగంలో 'రీ-ఎంట్రీ' అన్న మాట వినగానే గుర్తొచ్చేది విమానాశ్రయం. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, అందరూ పిలిచే పేరు డీబీటీ, విదేశీ ల్యాబ్‌లలో పనిచేస్తున్న భారతీయ శాస్త్రవేత్తలను వెనక్కి రప్పించడానికి రామలింగస్వామి రీ-ఎంట్రీ ఫెలోషిప్ ఇస్తుంది. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివి, ఎయిమ్స్‌కు డైరెక్టరుగా, తర్వాత భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్‌కు అధిపతిగా చేసిన వులిమిరి రామలింగస్వామి పేరు మీద నడుస్తున్న పథకం ఇది. ఐదేళ్లపాటు నెలనెలా వేతనం, పరిశోధనకు విడిగా గ్రాంటు, సీవీలో గౌరవంగా నిలబడే ఒక లైను.

ఇంకో రకం తిరిగిరావడం కూడా ఉంది. అది బోస్టన్ నుంచి కాదు, ఇంటి నుంచి. పిల్లలు పుట్టారనో, మామగారు మంచాన పడ్డారనో, భర్తకు బదిలీ అయిందనో నాలుగేళ్లో ఏడేళ్లో ల్యాబ్‌కు దూరమై, మళ్లీ పైపెట్ పట్టుకోవాలనుకునే మనిషి రాక. దీన్ని రీ-ఎంట్రీ అనరు. ఇంటర్వ్యూ బోర్డు ముందు దీని పేరు 'గ్యాప్'. "ఈ గ్యాప్ ఏంటమ్మా?" అన్న ప్రశ్న తర్వాతే పరిశోధన సంగతి మాటల్లోకి వస్తుంది.

ఈ రెండు రాకలూ ఒకే బ్యాచ్‌లో చదివిన ఇద్దరివి కావచ్చు. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ, పరిశోధన ఫెలోషిప్‌కు రాసే నెట్-జేఆర్‌ఎఫ్ పరీక్ష, ఆ తర్వాత హైదరాబాద్‌లో తార్నాకలోనో ఉప్పల్ రోడ్డులోనో గచ్చిబౌలిలోనో ఐదారేళ్ల పీహెచ్‌డీ. ఇంతవరకు ఇద్దరి దారీ ఒకటే. ఒకరు పోస్ట్‌డాక్‌గా, అంటే పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన ఉద్యోగానికి, అమెరికా విమానం ఎక్కితే, ఇంకొకరు థీసిస్ ఇచ్చిన ఏడాదే పెళ్లయి, డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే భర్త వెంట హెచ్-4 వీసా మీద అదే విమానం ఎక్కుతారు. తెలుగు ఇళ్లలో ఈ రెండో కథ ఎంత మామూలో చెప్పక్కర్లేదు. 2015 మే 26కు ముందు హెచ్-4 మీద ఉన్నవారు అక్కడ ఉద్యోగం చేయడానికి వీల్లేదు. ఆ తర్వాత కూడా వర్క్ పర్మిట్ దొరికేది ప్రధానంగా భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియలో కంపెనీ వేసే ఐ-140 దరఖాస్తు ఆమోదం దాకా వచ్చినవారికే. డాక్టరేట్ చేతిలో ఉన్నా, ఆమె పని గడియారం తిరగడం భర్త కంపెనీ హెచ్‌ఆర్ వేసే కాగితం మీద ఆధారపడింది.

ఇందులో బయోసైన్స్ వారికి మాత్రం ఒక వెసులుబాటు ఉంది. అమెరికా విశ్వవిద్యాలయాలు, వాటికి అనుబంధంగా ఉన్న లాభాపేక్ష లేని పరిశోధన సంస్థలు హెచ్-1బీ కోటా పరిమితిలోకి రావు. అంటే అక్కడి ల్యాబ్ తీసుకుంటానంటే లాటరీతో పనిలేకుండా, ఏడాదిలో ఎప్పుడైనా ఆమె సొంత వీసాలోకి మారొచ్చు. కంప్యూటర్ సైన్స్ కబుర్లే వినిపించే స్నేహబృందాల్లో ఈ సంగతి ఆలస్యంగా చెవిన పడుతుంది. తెలిసిన తర్వాత కూడా అసలు చిక్కు అలాగే ఉంటుంది. మూడేళ్లుగా ల్యాబ్‌లో లేని మనిషికి తన గ్రాంటులోంచి జీతం, పైన వీసా ఖర్చు పెట్టుకోవడానికి ల్యాబ్ అధిపతి ఒప్పుకోవాలి.

చదువుకునే దశలో అమ్మాయిలకు కొదవేం లేదు. 2021-22 అఖిల భారత ఉన్నత విద్య సర్వే ప్రకారం దేశంలో సైన్స్ చదువుతున్న 57.2 లక్షల మందిలో అమ్మాయిలు 29.8 లక్షలు, అబ్బాయిలు 27.4 లక్షలు. జీవశాస్త్రాల తరగతి గదుల్లో అమ్మాయిలే ఎక్కువ కనిపించడం కాలేజీలో చదువు చెప్పినవారెవరికైనా తెలిసిందే. అదే విభాగపు ఫ్యాకల్టీ పేజీ తెరిచి ఫొటోలు చూస్తే లెక్క తిరగబడుతుంది. మధ్యలో ఏం జరుగుతోందనడానికి అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం కొంత జవాబు చెబుతుంది. 2019లో వెలువడిన దాని ప్రకారం సైన్స్, ఇంజినీరింగ్ రంగాల్లో పూర్తికాలం పనిచేస్తున్నవారిలో తొలి బిడ్డ పుట్టిన కొన్నేళ్లలోపే తల్లుల్లో 43 శాతం మంది ఆ రంగంలో పూర్తికాలపు ఉద్యోగం వదిలేశారు. తండ్రుల్లోనూ 23 శాతం మంది వదిలేశారు. రెండో అంకెను ఎవరూ పెద్దగా చెప్పుకోరు. పిల్లల పెంపకానికీ ఈ ఉద్యోగాల తీరుకూ పొసగడం లేదన్నది ఆ అంకెలోనూ కనబడుతోంది.

అయితే పిల్లలు పుట్టిన ప్రతి శాస్త్రవేత్తకూ గ్యాప్ రాదు. ఇక్కడ ఒక చిన్న తేడా గమనించాలి, మిగతా కథంతా దాని మీదే నడుస్తుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థలో పర్మనెంట్ ఉద్యోగం ఉన్న మహిళకు ప్రసూతి సెలవు కాక, ఉద్యోగకాలం మొత్తంలో 730 రోజుల చైల్డ్ కేర్ లీవ్ ఉంది. ఆరో వేతన సంఘం కాలంలో, 2008లో వచ్చింది. వాడుకుని తిరిగొస్తే అదే కుర్చీ, అదే ఫ్రీజర్, తలుపు మీద అదే పేరు. ఆ రెండేళ్లను ఎవరూ గ్యాప్ అనరు, సెలవు అంటారు. పీహెచ్‌డీలో ఉన్న అమ్మాయికి కూడా 2016 నుంచి యూజీసీ నిబంధనల్లో 240 రోజుల ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉంది, పీహెచ్‌డీ పూర్తి చేయడానికి అదనంగా రెండేళ్ల గడువూ ఉంది. ఏ రక్షణా సరిగ్గా అందనిది ఈ రెంటికీ నడుమ, అంటే పీహెచ్‌డీ అయ్యి పర్మనెంట్ పోస్టు రాకముందు. ఏడాది ఏడాదికీ రెన్యువల్ అయ్యే రీసెర్చ్ అసోసియేట్‌గిరీ, ఆర్నెల్ల ప్రాజెక్ట్ పోస్టు, పోస్ట్‌డాక్. ఇరవై ఎనిమిది నుంచి ముప్పై ఐదేళ్ల మధ్య, సరిగ్గా పిల్లలు పుట్టే వయసులో, జీవశాస్త్రవేత్త బతుకు ఇలాగే ఉంటుంది. అప్పుడు ఆగితే సెలవు పెట్టడానికి ఉద్యోగమే ఉండదు. గైర్హాజరీ ఒకటే, పోస్టు ఉన్నవారికి సెలవైంది, లేనివారికి గ్యాప్ అయింది.

ఇక ఆ గ్యాప్‌లో పోయేదేమిటి? నైపుణ్యం పోతుందని అందరూ అనుకుంటారు. ఇది సగమే నిజం.

చేతిపని త్వరగానే తిరిగొస్తుంది. మొదటి రోజు రెండు మైక్రోలీటర్లు తీస్తుంటే బొటనవేలు కాస్త తడబడుతుంది, జెల్ బావిలోకి శాంపిల్ వదిలేటప్పుడు టిప్ వణికి నీలి రంగు పక్క బావిలోకి ఒలుకుతుంది. కొన్ని వారాలకు అది సర్దుకుంటుంది. డీఎన్‌ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పీసీఆర్ సూత్రం 1980ల నాటిదే, శాంపిల్‌లో ఒక ప్రొటీన్‌ను గుర్తించే వెస్టర్న్ బ్లాట్ 1979 నాటిది. నిజంగా మారిపోయేది చుట్టూ ఉన్న సరంజామా. 2012 మొదట్లో ల్యాబ్ వదిలి పదేళ్లకు వచ్చిన మనిషిని ఊహించుకుంటే చాలు. ఆమె వెళ్లిన ఏడాది జూన్‌లోనే జెన్నిఫర్ డౌడ్నా, ఇమాన్యుయెల్ షార్పెంటియేల జన్యువులను కోరిన చోట కత్తిరించే క్రిస్పర్-క్యాస్9 పేపర్ వచ్చింది, 2020లో దానికి నోబెల్ వచ్చింది. తను ఒక జన్యువును ఆపడానికి ఆర్‌ఎన్‌ఏఐ అనే పాత పద్ధతితో కుస్తీ పట్టిన చోట ఇప్పుడు కొత్తగా చేరిన ఎమ్మెస్సీ కుర్రాడు క్రిస్పర్‌కు దారి చూపే గైడ్ ఆర్‌ఎన్‌ఏ డిజైన్ చేసుకుని, ఆ జన్యువు పనిచేయని కణాల వరుసను, అంటే నాకౌట్ సెల్ లైన్‌ను, తయారు చేస్తున్నాడు. ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో చూపే మైక్రోఅరే స్లైడ్ల స్థానంలో ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ వచ్చింది, అది కూడా ఒక్కో కణానికి విడివిడిగా. ఒక ప్రొటీన్ ఆకారం తేల్చడానికి కొందరి పీహెచ్‌డీ మొత్తం పట్టేది. 2021 జులైలో, కృత్రిమ మేధతో ప్రొటీన్ ఆకారాలు అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్ డేటాబేస్ తెరిచాక ఊహాచిత్రమైనా సరే నిమిషంలో తెర మీదకొస్తోంది. పేపర్ అచ్చు కాకముందే బయోఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో పెట్టడం 2013 చివర్లో మొదలై ఇప్పుడు మామూలైపోయింది. ఎక్సెల్‌లో చేసిన గ్రాఫు చూపిస్తే జూనియర్లు మర్యాదగా ఊరుకుంటారు, తమ పని మాత్రం ఆర్, పైథాన్ లాంటి ప్రోగ్రామింగ్ భాషల్లో చేసుకుంటారు.

వీటిలో చాలావరకు నేర్చుకోగలిగినవే. కొన్ని ఇంట్లో కూర్చునే నేర్చుకోవచ్చు, డేటా విశ్లేషణ అయితే మరీను. అడ్డం వచ్చేది చదవడానికి పేపర్లు దొరక్కపోవడం. సంస్థ ఈమెయిల్ ఆగిన రోజే జర్నళ్లూ ఆగిపోతాయి. 2025 జనవరిలో మొదలైన 'ఒకే దేశం ఒకే సబ్‌స్క్రిప్షన్' పథకం దాదాపు 13,000 జర్నళ్లను 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందుబాటులోకి తెచ్చింది. మంచి పని. కానీ ఆ తలుపు తెరుచుకోవాలన్నా ఏదో ఒక సంస్థ లాగిన్ ఉండాలి. తిరిగి రావడానికి తయారవుతున్న మనిషికి ఎక్కువ అవసరమైన దశలోనే అది ఉండదు. బ్రేక్‌లో ఉన్న పూర్వ విద్యార్థులకు లైబ్రరీ లాగిన్ కొనసాగించడానికి విశ్వవిద్యాలయానికి అయ్యే ఖర్చు ఏపాటిది? చర్చకైనా రాని చిన్న విషయాల్లో ఇదొకటి.

పాతబడనిది ఇంకోటుంది, దానికి సీవీలో గడి లేదు. ఇంక్యుబేటర్‌లో కణాలు చూడటానికి బాగానే ఉన్నాయి, మీడియం మసకబారలేదు, ఎరుపు రంగు మామూలుగానే పసుపులోకి తిరుగుతోంది, కానీ రెండు వారాలుగా పెరుగుదల మందగించింది. కొత్తవారు మీడియం బ్రాండ్ మారుస్తారు, సీరం మారుస్తారు, నెల పోగొట్టుకుంటారు. పాత చేయి అయితే ముందు మైకోప్లాస్మా ఉందేమో చూడమంటుంది. ఆ సూక్ష్మజీవి మామూలు మైక్రోస్కోప్‌కు దొరకదు, మీడియాన్ని కలుషితమైనట్టు కనబడనివ్వదు, చాలా యాంటీబయోటిక్స్‌కు లొంగదు. చిన్న పీసీఆర్ పరీక్షతో దొరికిపోతుంది. అలాగే వెస్టర్న్ బ్లాట్‌లో సరిగ్గా అనుకున్న చోట ముచ్చటైన బ్యాండ్ వస్తే సంబరపడకుండా, ఆ ప్రొటీన్ లేని కణాల్లో కూడా ఇదే బ్యాండ్ వస్తోందా అని అడగడం. ఈ అనుమానం పదేళ్లు ఇంట్లో ఉన్నంత మాత్రాన తుడిచిపెట్టుకుపోదు. ఎంపిక కమిటీలు అడిగే 'గత ఐదేళ్ల పేపర్లు' అన్న గడిలో ఇది పట్టదు, అంతే.

బయాలజీకి ఉన్న మరో ఇబ్బంది గణితానికో కంప్యూటర్ సైన్స్‌కో అంతగా లేదు. ఇక్కడ పనివేళలు నిర్ణయించేది మనిషి కాదు, కణం. ల్యాబ్‌లలో విరివిగా పెంచే హెచ్‌ఈకే293 మానవ కణాలు రోజుకొకసారి దాదాపు రెట్టింపవుతాయి. రెండు మూడు రోజులకొకసారి వాటిని విడదీసి కొత్త ప్లేట్లలో వేయకపోతే కిక్కిరిసి పాడవుతాయి. ఆదివారమని, బడికి సెలవని, పిల్లాడికి జ్వరమని అవి ఆగవు. ఈగల ల్యాబ్‌లో ఇంకా తమాషా. క్రాస్ వేయడానికి, అంటే రెండు రకాల ఈగలను జతకలపడానికి, అంతవరకు జతకట్టని ఆడ డ్రోసోఫిలా (పళ్ల ఈగ) కావాలి. ప్యూపా నుంచి బయటికొచ్చాక 25 డిగ్రీల దగ్గర సుమారు ఎనిమిది గంటల్లోపు వాటిని ఏరుకోవాలి, లేకపోతే పనికిరావు. పాత కాలపు సమాధానం రాత్రి పదింటికి మళ్లీ ల్యాబ్‌కు రావడం. తెలిసినవారు సాయంత్రం సీసాలను 18 డిగ్రీల ఇంక్యుబేటర్‌లోకి మార్చి ఇంటికెళ్తారు. అక్కడ ఎదుగుదల నెమ్మదిస్తుంది, వ్యవధి దాదాపు రెట్టింపవుతుంది, పొద్దున వచ్చి ఏరుకుంటే సరిపోతుంది.

ఇలాంటిదే ఇంకో ఉపాయం టైమ్ కోర్స్ ప్రయోగాల్లో ఉంది. కణాలకు మందు వేసి ఒక గంట, మూడు గంటలు, ఆరు గంటలు, ఇరవై నాలుగు గంటల తర్వాత ఏమవుతుందో చూడాలనుకుందాం. మామూలుగా అన్ని ప్లేట్లకూ ఒకేసారి మందు వేసి, ఒక్కో వేళకు ఒక్కో ప్లేటు తీస్తారు. రోజంతా ముక్కలైపోతుంది, మర్నాటికీ పాకుతుంది. దీన్ని తిరగేసి చేయొచ్చు. నిన్న సాయంత్రం నాలుగింటికి ఒక ప్లేటులో, ఈరోజు పదింటికి రెండోదాంట్లో, ఒంటిగంటకు మూడోదాంట్లో, మూడింటికి నాలుగోదాంట్లో మందు వేస్తే, నాలుగింటికల్లా అన్నిటినీ మందు వేయని ప్లేటుతో సహా ఒకేసారి తీసేయొచ్చు. ఐదున్నరకు బడి వ్యాను దగ్గర నిలబడొచ్చు. పైగా అన్ని శాంపిళ్లూ ఒకే ఐసు మీద, ఒకే బఫర్‌లో, ఒకే చేతితో తయారవుతాయి కాబట్టి ఫలితం మెరుగ్గానే ఉంటుంది. రాత్రి పదకొండుకు ల్యాబ్‌లో లైటు వెలుగుతుంటేనే పరిశోధన జరుగుతున్నట్టని నమ్మే గైడ్లు ఈ లెక్క ఒక్కసారి వేసి చూడాలి.

ఇక పథకాలు. ఈ సమస్యను ముందుగా గుర్తించి పని మొదలుపెట్టినవారిలో బ్రిటన్‌కు చెందిన డాఫ్నే జాక్సన్ ఒకరు. 1971లో ఆ దేశపు తొలి మహిళా ఫిజిక్స్ ప్రొఫెసర్ అయ్యారు, సర్రే విశ్వవిద్యాలయంలో. కుటుంబం కోసం కొన్నాళ్లు ఆగిందన్న కారణంతో మేరీ క్యూరీ చేత సూపర్‌మార్కెట్‌లో అరలు సర్దించే సమాజాన్ని ఊహించుకోమని ఆమె అడిగేవారని చెబుతారు. 1985లో ఆమె చిన్నగా మొదలుపెట్టిన ఫెలోషిప్‌లు, 1991లో ఆమె మరణించాక, మరుసటి ఏడాది ఆమె పేరిటే ట్రస్టుగా స్థిరపడ్డాయి. రెండేళ్లకు మించి బ్రేక్ తీసుకున్నవారికి, ఆడవారికైనా మగవారికైనా, సాధారణంగా రెండేళ్లపాటు సగం పనివేళల ఫెలోషిప్ ఇస్తారు. అందులో ఏడాదికి కనీసం వంద గంటలు కొత్త విషయాలు నేర్చుకోవడానికే కేటాయించాలి. ఈ రెండు షరతులూ ఆలోచించి పెట్టినవి. సగం పూట పని అంటే బడి వేళలతో పొసగుతుంది. శిక్షణకు గంటలు రాసి ఉన్నాయి కాబట్టి నేర్చుకోవడానికి అడిగితే మొహమాటపడక్కర్లేదు.

మన దగ్గర శాస్త్ర సాంకేతిక విభాగం 2002-03లో మహిళా శాస్త్రవేత్తల పథకం తెచ్చింది. అందరి నోటా అది వోస్. ప్రాథమిక, అనువర్తిత పరిశోధనకు వోస్-ఎ, సమాజానికి ఉపయోగపడే ప్రాజెక్టులకు వోస్-బి, పేటెంట్లలో శిక్షణకు వోస్-సి. చాలాకాలం 27 నుంచి 57 ఏళ్ల వయసు దాకా అర్హత ఉండేది. ఈ దేశంలో పరిశోధన ప్రకటనలన్నీ ముప్పై రెండు, ముప్పై ఐదు దగ్గర తలుపేసే రోజుల్లో అది సాహసమే. ఇంకో మంచి సంగతి, వోస్-ఎ లో ఆమె ఎవరి ప్రాజెక్టులోనో సహాయకురాలు కాదు. ప్రాజెక్టు ఆమెదే, ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్ ఆమే, సంస్థలో ఉండేవారు మెంటర్. డీబీటీ కూడా 2011లో బయోకేర్ అని మహిళా జీవశాస్త్రవేత్తల కోసం విడిగా ఒక పథకం మొదలుపెట్టింది. శాస్త్ర సాంకేతిక విభాగం పథకాల పేర్లు తర్వాత కిరణ్, వైజ్-కిరణ్ అంటూ మారుతూ వచ్చాయి. 57 నుంచి 62 ఏళ్ల మధ్యవారికి కూడా ఈమధ్య విదుషి అని ఒకటి వచ్చింది. ఈ పథకాల చలవతో వేలమంది మళ్లీ ల్యాబ్ కోటు వేసుకున్నారు, ఆ సంగతి తీసిపారేయలేం.

చిక్కు పథకాల నడకలో ఉంది. వోస్-ఎ మూడేళ్ల ప్రాజెక్టుగా నడిచింది. తొలి ఏడాది ఎలా గడుస్తుందో చూస్తే ఈ మూడేళ్లు ఎంత కురచో తెలుస్తుంది. మంజూరు ఉత్తర్వు వచ్చాక బ్యాంకు ఖాతా, తొలి విడత, ఆ తర్వాత ఇండెంట్లు, కొటేషన్లు. యాంటీబాడీ దిగుమతి కావాలంటే వారాలు పడుతుంది. జన్యుమార్పిడి పని ఉంటే సంస్థలోని బయోసేఫ్టీ కమిటీ ఆమోదం, ఎలుకలతో పని ఉంటే జంతు నైతిక కమిటీ ఆమోదం. ఆ కమిటీ మూడు నెలలకోసారి కూర్చుంటే, ఈసారి సమావేశం తప్పితే ఒక పావు ఏడాది పోయినట్టే. రెండో విడత రావాలంటే మొదటి విడతకు యుటిలైజేషన్ సర్టిఫికెట్ పంపాలి, అది సంస్థ అకౌంట్స్ సెక్షన్ నుంచి కదలాలి. ఇవన్నీ ఏ ప్రాజెక్టుకైనా ఉన్న తలనొప్పులే. పర్మనెంట్ శాస్త్రవేత్తకు ఈ గడువులో జీతం ఆగదు, పక్క ప్రాజెక్టులో రసాయనాలు దొరుకుతాయి. తిరిగొచ్చిన ఆమెకు ఫెలోషిప్ కూడా ఆ విడతలోనే ఉంటుంది. అందుకే అప్పుడప్పుడు నెలల తరబడి చేతి డబ్బుతో ఆటో ఎక్కి ల్యాబ్‌కు వచ్చి, మెంటర్ విద్యార్థుల దగ్గర టిప్పుల డబ్బా అప్పడిగే పరిస్థితి. ప్రాజెక్టు యజమాని ఆమే అన్న ఉత్తర్వు కాగితం ఫైల్లో ఉంటుంది, ఫ్రీజర్లో అర కావాలంటే మాత్రం అడగాలి.

తిరిగొచ్చినవారికి శిక్షణ గంటలు, సగంపూట పని, సొంత అర. వీటిలో ఏదీ పెద్ద ఖర్చు కాదు. జర్మనీలో ఇంకాస్త ముందుకెళ్లారు. ఈగల పిండాలు ఎలా ఎదుగుతాయో తేల్చి 1995లో నోబెల్ అందుకున్న క్రిస్టియానె న్యూస్‌లైన్-ఫోల్‌హార్ట్ 2004లో ఒక ఫౌండేషన్ పెట్టారు. పిల్లలున్న యువ మహిళా శాస్త్రవేత్తలకు నెలనెలా కొంత డబ్బు ఇస్తుంది. పరిశోధనకు కాదు, ఇంటిపనికి మనిషిని పెట్టుకోవడానికి, గిన్నెలు తోమే యంత్రం కొనుక్కోవడానికి, సాయంత్రం సెమినార్ ఉంటే పిల్లల్ని చూసుకునేవారికి ఇవ్వడానికి. శాస్త్రవేత్తకు లేనిది తెలివి కాదు, గంటలు అని ఆమె సూటిగా లెక్కగట్టారు. మన దగ్గర ఆ గంటలను అమ్మమ్మలు, నాయనమ్మలు ఇస్తున్నారు. ప్రతి వోస్ ప్రాజెక్టు వెనుక ఒక అమ్మమ్మ ఉంటుందంటే అతిశయోక్తి ఏం కాదు. ఆమెకు మోకాళ్లు నొప్పి మొదలైన రోజు ఏ పథకమూ ఆదుకోదు. 2017 ప్రసూతి చట్ట సవరణ 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలంది, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చంది. ఫెలోషిప్ మీద ఉన్నామె ఆ లెక్కలో ఉద్యోగా కాదా అన్నది ఆ సంస్థ పరిపాలన విభాగం మంచితనం మీద ఆధారపడుతుంది.

కాలాన్ని లెక్కగట్టే పద్ధతి మారితే కొంత భారం దానంతటదే తగ్గుతుంది. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ గ్రాంట్లకు పీహెచ్‌డీ తర్వాత ఇన్నేళ్లలోపు అన్న కిటికీ ఉంది. తల్లి అయితే ఒక్కో బిడ్డకు 18 నెలలు ఆ కిటికీ పొడిగిస్తారు, ఎంత సెలవు వాడారని రుజువు అడగరు. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ కూడా కొత్త పరిశోధకుల హోదాకున్న పదేళ్ల గడువును కాన్పు జరిగితే ఏడాది పొడిగిస్తోంది. మన వైపు హైదరాబాద్‌ నుంచి నడుస్తూ జీవవైద్య పరిశోధనకు నిధులిచ్చే ఇండియా అలయన్స్ తన ఫెలోషిప్‌లకు వయసు పరిమితి పెట్టలేదు, బ్రేక్‌ను లెక్కలోకి తీసుకుంటుంది. మిగతాచోట్ల సడలింపు అన్న మాట ఎక్కువ వినిపిస్తుంది. సడలింపు అంటే అర్హత లేకపోయినా దయతో రానివ్వడమన్న అర్థం వస్తుంది. గడియారం ఆపి మళ్లీ తిప్పడం వేరు. పుట్టినరోజును కాక బెంచ్ మీద గడిపిన ఏళ్లను లెక్కిస్తే నలభై ఏళ్ల మనిషి ముప్పై మూడేళ్ల పరిశోధకురాలిగానే నిలబడుతుంది, ఎవరి దయా అక్కర్లేదు.

ల్యాబ్‌కే తిరిగి రావాలని ఎక్కడా రాసి లేదు. వోస్-సి శిక్షణ పొంది పేటెంట్ ఏజెంట్ పరీక్ష పాసైనవారు, ఫార్మా కంపెనీల్లో మందుల దుష్ప్రభావాల నివేదికలు చూసేవారు, రెగ్యులేటరీ ఫైళ్లు రాసేవారు హైదరాబాద్‌లో కొల్లలు. ఆ పని ఇంటి నుంచి కుదురుతుంది, జీతం నెల తిరక్కుండా పడుతుంది. సైన్స్ వదిలేశారని వారి గురించి చింతించడం తగదు. అది ఇష్టపడి వెళ్లిన దారా, వేరే దారి మూసుకుపోయి వెళ్లిన దారా అన్నది మాత్రం తేడానే.

అసలు ప్రశ్న నాలుగో ఏడాదిది. మూడేళ్ల ప్రాజెక్టు ముగిసేసరికి ఆమెకు ఒకటో రెండో పేపర్లు, తిరిగొచ్చిన చేయి, కొన్ని సెల్ లైన్లు, నలభై దాటిన వయసు ఉంటాయి. పోస్టు ఉండదు. ఏ నడుమ దశలో పడి గ్యాప్ తెచ్చుకుందో సరిగ్గా ఆ దశకే పథకం ఆమెను మళ్లీ తీసుకొచ్చి వదులుతుంది. ఇంకో పథకానికి దరఖాస్తు చేయొచ్చు, మళ్లీ ఫార్వర్డింగ్ లెటర్లు, మళ్లీ ఇంటర్వ్యూ, మధ్యలో ఏడాది ఖాళీ. ఆ ఏడాది మళ్లీ సీవీలోకి గ్యాప్‌గా ఎక్కుతుంది. విదేశం నుంచి వచ్చిన రీ-ఎంట్రీ ఫెలోను ఐదేళ్లలోపు చాలా సంస్థలు తమవాడిగా చూసి పోస్టు కోసం ఆలోచిస్తాయి. ఇంటి నుంచి వచ్చినామె మూడేళ్లూ మెంటర్ అతిథి. మూడేళ్ల చివర ఒక నిజమైన సమీక్ష పెట్టి, పని బాగుంటే ఆ సంస్థలోనే ఒక పోస్టుకు పోటీపడే అవకాశం ముందే రాసి ఉంచితే పథకం ఖర్చు పెద్దగా పెరగదు. సంస్థలకు మాత్రం ఆ పోస్టులు ఇబ్బంది, ఎందుకంటే వాటి కోసం ఇప్పటికే బయట పొడవాటి వరుస ఉంది.

చివరి నెలలో జరిగే పని ఒకటుంది. కణాలను ఫ్రీజింగ్ మీడియంలో కలిపి, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున నెమ్మదిగా చల్లార్చి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ డ్రమ్ములోకి దించుతారు. అలా ఏళ్ల తరబడి ఉంటాయి, కావలసిన రోజు 37 డిగ్రీల నీళ్లలో ఒకటి రెండు నిమిషాల్లో కరిగించి మళ్లీ పెంచుకోవచ్చు. ప్రతి చిన్న గొట్టం మీద సెల్ లైన్ పేరు, ఎన్నిసార్లు విడదీసి పెంచారో చెప్పే పాసేజ్ నంబరు, తేదీ, వేసినవారి పేరులోని మొదటి అక్షరాలు. పెట్టె నంబరు, వరస, గడి రాసిన జాబితా ఒక కాపీ మెంటర్ ఫైల్లో, ఒక కాపీ డ్రమ్ము పక్కన గోడకు. ఐడీ కార్డు సెక్యూరిటీ ఆఫీసులో అప్పగించాలి. ఈమెయిల్ ఆ నెలాఖరుకు ఆగిపోతుంది.